నెటికెట్

కంప్యూటర్ నెట్‌వర్కుల్లో, ముఖ్యంగా ఒకరు రాసిన ఉత్తరం ఒకేసారి వందలమందికి చేరే చోట, పాటించాల్సిన మర్యాదలను నెటికెట్ అంటారు. వీటిని కూర్చిన పత్రాల్లో బాగా పేరుపడ్డది ఆర్‌ఎఫ్‌సీ 1855. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్‌లోని ఒక కార్యబృందం తరఫున ఇంటెల్‌కు చెందిన శాలీ హ్యాంబ్రిడ్జ్ రాయగా 1995 అక్టోబరులో వెలువడింది. ఇది ప్రమాణం కాదని ఆ పత్రమే చెప్పుకుంది; ఏ సంస్థకు ఆ సంస్థ తనకు తగినట్టు మార్చుకుని వాడుకోవచ్చు.

మర్యాద తప్పడం అంతకు చాలా ముందే మొదలైంది. 1978 మే నెలలో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ తుయెర్క్ ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్కు అయిన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే వ్యాపార ప్రకటన పంపి చీవాట్లు తిన్నాడు. తర్వాత వచ్చిన యూజ్‌నెట్ చర్చావేదికల్లో ఏటా సెప్టెంబరు వస్తే అమెరికా యూనివర్సిటీల కొత్త విద్యార్థులు దిగేవారు, పాతకాపులు వాళ్లను దారిలో పెట్టేవారు. 1993 నుంచి ఇళ్లలోని కనెక్షన్ల ద్వారా జనం ఏడాది పొడుగునా వచ్చిపడటంతో నేర్పేవాళ్లు చాలలేదు. 1994 ఏప్రిల్‌లో ఇద్దరు అమెరికన్ లాయర్లు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను వేలాది వేదికల్లో గుమ్మరించారు. నోటిమాటగా సాగిన ఆనవాయితీని కాగితం మీద పెట్టక తప్పని రోజులవి.

పైకి మర్యాదలే గానీ వీటిలో చాలావాటి వెనక ఉన్నది ఖర్చు లెక్క. తపాలా ఉత్తరానికి స్టాంపు ఖర్చు పంపినవాడిదే. ఈమెయిల్ ఖర్చును పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ ఇంచుమించు సమానంగా భరిస్తారని ఆర్‌ఎఫ్‌సీ 1855 గుర్తుచేస్తుంది. అందుకే పెద్ద ఫైళ్లు అడగకుండా పంపొద్దంటుంది. ఉత్తరం చివర పెట్టే సంతకం 4 పంక్తులు మించకూడదు. ఒక్కో పంక్తి 65 అక్షరాల లోపే ఉండాలి. ఆనాటి తెరలో పంక్తికి పట్టేవి 80 అక్షరాలే, ఎత్తిరాసిన ప్రతిసారీ ముందు ఒక గుర్తు చేరేది. జవాబిచ్చేటప్పుడు పాత ఉత్తరం మొత్తాన్ని తగిలించకుండా సందర్భం తెలిసేంతే ఉంచాలి. తెరలు పెద్దవయ్యాయి, పంక్తుల నియమానికి కాలం చెల్లింది. ఎత్తిరాయడం గురించిన నియమానికి చెల్లలేదు, చదివేవాడి టైము చవక కాలేదు గనుక.

కొత్తగా చేరినవాళ్లు నెలా రెండు నెలలు ఊరికే చదివి, అక్కడి పద్ధతి తెలిశాకే రాయాలన్నది మరో సలహా. కోపంలో రాసిన జవాబును రాత్రంతా ఆపి పొద్దున పంపమన్నది అన్నిటికన్నా కష్టమైనది.

పెద్దబడి అక్షరాలన్నీ వాడితే అరిచినట్టే అన్న నియమం తెలుగువాళ్ల దగ్గర కాస్త తడబడింది. 1990లలో యూజ్‌నెట్‌లోని సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు వేదికలో రైస్ యూనివర్సిటీ పేరు మీద వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగును రోమన్ లిపిలో రాసుకునేవారు. అందులో చిన్న 'టీ' అయితే త, పెద్ద 'టీ' అయితే ట. చిన్న 'ఎల్' ల, పెద్ద 'ఎల్' ళ. వాక్యం నడుమ పెద్దబడి అక్షరం కనిపిస్తే అది కేక కాదు, వర్ణభేదం.

పాత నియమాలు ఇప్పటికీ పట్టుగా నడిచే చోటు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నెల్‌ను రాసేవాళ్ల మెయిలింగ్ లిస్ట్. అక్కడ రంగులూ హంగులూ లేని సాదా పాఠమే చెల్లుతుంది. ప్రోగ్రామ్ మార్పులను కూడా అటాచ్‌మెంట్‌గా కాక ఉత్తరంలోనే రాయాలి, పరిశీలించేవాళ్లు పంక్తి పంక్తికీ కింద వ్యాఖ్య పెడతారు కాబట్టి. రూపం విషయంలో ఇంత కట్టుదిట్టంగా ఉన్న చోట మాటతీరుకు మాత్రం చాలాకాలం పగ్గాలు లేవు. 2018 సెప్టెంబరులో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ తన ఉత్తరాల్లోని దురుసుతనానికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. కెర్నెల్ బృందం కొత్త ప్రవర్తనా నియమావళిని తెచ్చుకున్నదీ ఆ నెలలోనే.