నల్లగొండ, పాలమూరు సీమలలో బస్సు



బస్సునకు గూడ చరిత్ర యుండునా యని మీలో కొందఱు నవ్వవచ్చును. పానగల్లు దేవాలయములను గూర్చియో, గద్వాల సంస్థానమును గూర్చియో చెప్పిన సంతోషింతురు. నేనీ దినమున మీరందఱును ఎక్కి దిగిన యొక బండిని గూర్చి చెప్పదలచితిని.

మన మెట్టసీమలో ప్రయాణమనగా మొదట కాలినడకయే. కలిగినవారికి ఎడ్లకచ్చడము, మేనా ఉండెడివి. అధికారి యెవరైన గ్రామమునకు వచ్చినచో, ఆయన సామానును తరువాతి యూరి పొలిమేర దాక మోయుట వెట్టివాని పని. దొర కచ్చడము ముందర పరుగెత్తుటయు వెట్టియే. అందుకు కూలి లేదు, కాదనుటకు వీలును లేదు.

రైలు వచ్చినను ఈ స్థితి అంతగా మాఱలేదు. వాడి నుండి సికింద్రాబాదునకు 1874లోను, అచ్చటి నుండి బెజవాడకు 1889 నాటికిని రైలుదారి పడెను. అది నల్లగొండ జిల్లాలో భువనగిరి ప్రక్కగా పోయినదే గాని జిల్లాకేంద్రమును తాకలేదు. మహబూబునగరమునకు, గద్వాలకు తరువాత మీటరుగేజీ రైలు వచ్చెను. నల్లగొండ పట్టణము మాత్రము ఇరువదవ శతాబ్ది చివఱిభాగము వఱకు రైలుకూత విననేలేదు. 1931లో దేవరకొండలో రెండవ ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన కూడిన ప్రతినిధులకు సడకే గతి.

ఆ మఱుసటి యేడే, అనగా 1932 జూనులో, నిజాము స్టేటు రైల్వే వారు రోడ్డు రవాణా శాఖను తెఱచిరి. అప్పటికి రెండేండ్ల క్రిందటనే, 1930లో, ప్రభుత్వము రైల్వేను ఆంగ్ల కంపెనీ నుండి కొని తన వశము చేసికొనియుండెను. రైలు పోవు దారిలో ప్రైవేటు మోటారులు పోటీ పడకుండుటయు, రైలు లేనిచోట సడకుపై జనమును తెచ్చి రైలున కందించుటయు వారి యుద్దేశము. లెక్క చూడగా మొదట 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు మాత్రమే. బస్సుల చట్రములు స్కాట్లండు దేశపు ఆల్బియన్ కంపెనీవి. దేశములో ప్రభుత్వమే బస్సులు నడుపుటకు ఇది తొలి యుదాహరణములలో నొకటి. హైదరాబాదు నుండి బెజవాడకు పోవు బాటలో, నల్లగొండకు దారి చీలు చోటనున్న నార్కట్‌పల్లి ఆ కాలముననే బస్సుల మజిలీ యైనది.

మా తాత మొదటిసారి బస్సెక్కిన కథ ఇంటిలో పలుమాఱు విన్నాను. భూమి తగాదాపై నల్లగొండ కచేరికి పోవలసివచ్చి, టిక్కెట్టు కొని లోనికి వెళ్ళెనట. ఖాళీగా నున్న చోటు ఊరి పట్వారి ప్రక్కనే. మా తాత కూర్చుండక తలపాగ చేతబట్టుకొని నిలువబడెను. కండక్టరు వచ్చి, "టికెట్ లియే నా, బైఠో" అనెను. టిక్కెట్టు కొంటివి గదా, కూర్చుండుమని దాని యర్థము. పట్వారి కిటికీ వైపునకు ముఖము త్రిప్పుకొనెను, మా తాత కూర్చుండెను. తగాదా ఏమైనదో ఆయన యెన్నడును సరిగా చెప్పలేదు. కూర్చున్న సంగతి మాత్రము చనిపోవు వఱకు చెప్పుచుండెను.

బస్సు వెట్టిని మాన్పెనని నే ననను. దానిని మాన్పినది ప్రజల పోరాటము. అయినను పైకము చెల్లించిన వానికి పేరు, కులము అడుగక చోటిచ్చిన బండి మన పల్లెలలో అంతకుముందు లేదు.

రెండవ ప్రపంచయుద్ధమున పెట్రోలు కఱవై దేశమంతట బొగ్గుబస్సులు బయలుదేఱినవి. బండి వెనుక ఇనుప పీపావంటి కొలిమి యుండెడిది. అందులో బొగ్గును చాలీచాలని గాలితో కాల్చినచో మండెడి వాయువు పుట్టును. దానిని వడగట్టి ఇంజనునకు పంపుదురు. పెట్రోలునకున్న బలము దానికి లేదు. ఎత్తు వచ్చినచో ప్రయాణికులు దిగి నడువవలసినదే, ఒక్కొకప్పుడు నెట్టవలసినదే! టిక్కెట్టు కొని బండిని త్రోయుట యేమని ఆనాటివారు పరిహాసమాడెడివారు.

అటుపిమ్మట సాయుధపోరాటము వచ్చెను. రజాకారులును, సైన్యమును పల్లెలకు రాకుండ నల్లగొండ ప్రజలు సడకులకు గండ్లు కొట్టిరి, చెట్లు నఱకి అడ్డము వేసిరి. 1948 సెప్టెంబరులో భారతసైన్యము బెజవాడ బాటన వచ్చినప్పుడు, వెనుదిరిగిన నిజాము సేనలు సూర్యాపేట కడ మూసీ వంతెనను కూల్చిపోయినవి. సైన్యము దానిని శీఘ్రముగనే బాగుచేసికొని ముందుకు సాగెను.

1951 నవంబరులో ఈ శాఖ రైల్వే నుండి విడివడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము క్రిందికి వచ్చెను. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడినది. కోస్తా జిల్లాలలో అప్పటికి బస్సులు ప్రైవేటువారివే. కావున ఆ సంస్థకు పునాది మన తెలంగాణపు బస్సులే యనుట గొప్పలు చెప్పుకొనుట కాదు.

నా చిన్ననాట మా యూరికి రాత్రిబస వేయు బస్సు వచ్చెడిది. దీపముల వేళకు వచ్చి, కోడి కూయగనే కదలును. డ్రైవరు, కండక్టరు అరుగు మీద పండుకొనెడివారు. వారికి జొన్నరొట్టె ఏదో యొక యింటి నుండి వచ్చెడిది. పాలక్యానులు, కూరగాయల గంపలు, బడిపిల్లలు, కచేరికి పోవువారు, అందఱును ఆ యొక్క బండిలోనే. వానకాలమున వాగు పొంగినచో బస్సు అవతలి యొడ్డుననే నిలుచును; మా యూరు దీవి యగును. అట్టి యొక తెల్లవాఱుజామున, నొప్పులు పడుచున్న మా మేనత్తను మంచము మీద నలుగురు మోసి, మొలలోతు నీటిలో వాగు దాటించి బస్సెక్కించిరి. డ్రైవరు నడుమ నెచ్చటను నిలుపక ఆసుపత్రి వాకిట దింపెను. తల్లియు బిడ్డయు దక్కిరి.

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ తీసివేసిరి. మా మేనత్త ఉన్నచో వారమున కొకసారి పుట్టింటికి వచ్చియుండెడిది.

మేము వానకాలమున మాత్రమే దీవి యైతిమి. నిజముగ దీవిలో నున్నవారును పాలమూరు సీమలో కలరు. గద్వాల దగ్గఱ కృష్ణ రెండు పాయలై చీలినచోట గుఱ్ఱంగడ్డ యను గ్రామము కలదు. ఏండ్ల తరబడి వారికి పుట్టియు పడవయే దిక్కు. వంతెన మంజూరైనను పని మెల్లగా సాగినది. నేనచ్చటికి పోయినప్పుడు గట్టున కూర్చున్న యొక వృద్ధుని, "తాతా, మీ యూరికి బస్సు లేక కష్టము గాదా?" యని యడిగితిని. "బస్సు మా ఊరికి రాదు బిడ్డా, మేమే బస్సు కాడికి పోతం" అనెను. వరదకాలమున రోగులను దాటించుట యెట్లని మఱల నడుగబోవుచుండగా, గద్వాల బస్సు వేళయైనదని చెప్పి ఆయన లేచి తెడ్డు చేతబట్టెను.