ఆనందవన్: సరిహద్దు అవతల ఒక వ్యవసాయ సమాజం, అక్కడికి వచ్చిన స్వచ్ఛంద సేవకులు

కాజీపేట నుంచి ఉత్తరానికి వెళ్లే రైలు రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ దాటి బల్లార్షా చేరుతుంది. అక్కడి నుంచి చంద్రపూర్ మీదుగా నాగపూర్ దారిలో వెళితే వరోరా అనే చిన్న పట్టణం వస్తుంది. ఆ పట్టణ శివారులోని ఆనందవన్ చరిత్రే ఈ పాఠంలోని విషయం. కుష్ఠు వ్యాధి వల్ల కాళ్లూ చేతులూ దెబ్బతిన్నవారు, ఆ తర్వాత ఇతర వికలాంగులు కలిసి వ్యవసాయం ఆధారంగా నిర్మించుకున్న ఊరు అది.

మహారాష్ట్రలోని ఊరి గురించి మనమెందుకు చదవాలి అని మీరు అడగవచ్చు. ఇప్పుడు చంద్రపూర్ జిల్లాలో ఉన్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లా భాగమే. మనం ఇవాళ సరిహద్దు అంటున్న గీత వయసు ఒక మనిషి ఆయుష్షు కంటే ఎక్కువేమీ కాదు. ఆ గీతకు రెండు పక్కలా తెలుగు, మరాఠీ, గోండీ మాట్లాడేవారున్నారు. మాటలు కూడా దగ్గరివే. ఆనందవన్‌ను నడిపే సంస్థ పేరు మహారోగి సేవా సమితి. మరాఠీలో మహారోగం అన్నదాన్నే మన పల్లెల్లో పెద్దరోగం అంటారు. పేరు నోటితో పలకడానికి కూడా భయపడిన జబ్బు అది.

భయం, చట్టం, దానం

ఆ భయం చట్టంలోకి కూడా ఎక్కింది. బ్రిటిష్ ఇండియాలో 1898లో చేసిన లెపర్స్ చట్టం, బిచ్చమెత్తుకునే కుష్ఠు రోగులను పట్టుకుని ఆశ్రమాల్లో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అంతేకాదు, ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో రోగులు తినుబండారాలు తయారుచేసి అమ్మకుండా, ఊరి బావులు వాడకుండా నిషేధించే వీలు కూడా అందులో ఉంది. అమ్మకం గురించిన ఆ నిబంధనను గుర్తుపెట్టుకోండి, ముందు దానితో పని పడుతుంది.

నిజాం రాజ్యంలో మన ప్రాంతానికి దగ్గరగా వెలసిన సంస్థ నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోని విక్టోరియా కుష్ఠు చికిత్సాలయం. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ తరఫున 1915లో దాన్ని ప్రారంభించారు. భవనాలకు డబ్బిచ్చినవారిలో ముఖ్యుడు రాజా నర్సాగౌడ్ అనే స్థానిక హిందూ ధనికుడు. క్రైస్తవ మిషన్‌కు హిందూ దాత ఇంత పెద్దమొత్తం ఇవ్వడం ఆసక్తికరమైన విషయమే. అప్పట్లో ఉన్న మందు చాల్‌మోగ్రా నూనె ఒక్కటే. సూదితో ఎక్కించేవారు, చాలా నొప్పిగా ఉండేది. డిచ్‌పల్లి చేసిన మేలు చిన్నది కాదు. అయినా అక్కడ ఇచ్చేవారు వేరు, పుచ్చుకునేవారు వేరు.

ఆరుగురు మనుషులు, కుంటి ఆవు

మురళీధర్ దేవీదాస్ ఆమ్టే 1914లో వార్ధా జిల్లా హింగన్‌ఘాట్‌లో కలిగిన కుటుంబంలో పుట్టారు. వరోరాలో వకీలుగా పనిచేశారు, పురపాలక సంఘానికి ఉపాధ్యక్షుడయ్యారు, పాకీ పనివారితో కలిసి మలం తట్టలు మోశారు. ఒక వానరోజు వీధిలో చావుకు దగ్గరపడిన కుష్ఠు రోగిని చూసి భయంతో పారిపోయారు. ఆ పారిపోవడమే ఆయనను వెంటాడింది. దేనికీ భయపడనని అనుకున్న మనిషికి అది సిగ్గుగా తోచింది. కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఈ వ్యాధి చికిత్స నేర్చుకుని వచ్చారు. 1949లో సమితి ఏర్పడింది.

ప్రభుత్వం ఇచ్చిన 50 ఎకరాలు రాళ్లు, తుప్పలు నిండిన భూమి. ఆమ్టే, ఆయన భార్య సాధనాతాయి, వారి పసిపిల్లలు, ఆరుగురు రోగులు, ఒక కుంటి ఆవు, చేతిలో 14 రూపాయలు. ఆనందవన్ మొదలైనప్పుడు ఉన్నవి ఇవే. 1951 జూన్‌లో దాన్ని ప్రారంభించినది వినోబా భావే. ఆ ఏడాది ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానానికి నాంది పలికి, తెలంగాణ పల్లెల్లో పాదయాత్ర ముగించుకుని ఆయన తన ఆశ్రమానికి తిరిగి నడిచివెళ్తున్న రోజులవి. భూదానం గురించి చదివే విద్యార్థులు ఈ మజిలీని సాధారణంగా గమనించరు.

మొదటి పని బావి తవ్వడం. ఆ పని ఎంత కష్టమో తెలియాలంటే వ్యాధి ఏం చేస్తుందో తెలియాలి. కుష్ఠు క్రిములు నరాలను దెబ్బతీస్తాయి, స్పర్శ పోతుంది. గడ్డపార పట్టుకున్న చెయ్యి బొబ్బలెక్కినా, పగిలి రక్తం కారినా ఆ మనిషికి తెలియదు. తెలియదు కాబట్టి ఆగడు. ఆ పుండ్లు ముదిరే వేళ్లు పోతాయి. అందుకే ఇలాంటివారు పొలం పని చేయాలంటే పిడి మందంగా ఉండాలి, పని అయ్యాక రోజూ చేతులూ కాళ్లూ చూసుకోవాలి, ఒకరి పుండుకు మరొకరు కట్టు కట్టాలి. ఆనందవన్‌లో వ్యవసాయం, వైద్యం ఒకటిగా నడవడానికి కారణం ఇదే.

1954 శిబిరం

కొన్నేళ్లలో కూరగాయలు, పాలు తమ అవసరాలకు మించి వచ్చాయి. వరోరాలో కొనేవారు లేరు. చట్టంలోని నిషేధం కంటే జనం మనసులోని నిషేధం బలమైనది.

1954లో సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ తరఫున వివిధ దేశాల యువతీయువకులు ఆనందవన్‌కు వచ్చారు. ఈ సంస్థకు మూలపురుషుడు పియేర్ సెరెసోల్ అనే స్విస్ ఇంజనీరు. మొదటి ప్రపంచయుద్ధంలో ధ్వంసమైన ఫ్రెంచి గ్రామాన్ని నిర్మించడానికి 1920లో వెర్డన్ దగ్గర మొదటి శ్రమ శిబిరం పెట్టారు. నిన్నటిదాకా శత్రువులైన దేశాలవారు కలిసి పారలు పట్టుకోవాలన్నది ఆయన ఆలోచన. 1934 బీహార్ భూకంపం తర్వాత ఆయనే భారతదేశం వచ్చి ఊళ్లు కట్టడంలో పాల్గొన్నారు.

ఆ వచ్చినవారు రోగులతో కలిసి రాళ్లు మోసి, భవనాలు కట్టారు. రోగులు పండించినదే తిన్నారు. దానితో పట్టణం వారి భయం సడలిందనీ, కూరగాయలు కొనడం మొదలుపెట్టారనీ ఆనందవన్ చరిత్ర చెప్పేవారందరూ రాస్తారు.

ఈ కథ క్లాసులో చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు ఒకే ప్రశ్న వేసేవారు: ఆమ్టే పిల్లలు పుట్టినప్పటి నుంచి ఆ తిండే తింటున్నారు కదా, అది చూసి ఎందుకు నమ్మలేదు? సరైన ప్రశ్న. ఆమ్టే కుటుంబం కూడా అప్పటికి కొంత వెలి అయినదే. వెలి అయినవారి సాక్ష్యాన్ని వెలివేసినవారు ఒప్పుకోరు. స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్లయినా తెల్లవారి మాటకున్న గౌరవం చిన్న పట్టణాల్లో అలాగే ఉంది. కాబట్టి ఇది స్నేహం సాధించిన విజయమే అయినా, అందులో వలస పాలన మిగిల్చిన అలవాటు కూడా కలిసి ఉందని నా అభిప్రాయం. ఇంకొక జాగ్రత్త: ఇది ఎక్కువగా సంస్థ తన గురించి తాను చెప్పుకున్న కథ. కూరగాయలు కొన్న వరోరా గృహిణుల మాట ఎక్కడా రాతలో కనిపించదు. ఒక్క సంఘటనే అంతా మార్చిందనే కథనాలను చరిత్ర విద్యార్థి కాస్త ఆగి చదవాలి.

శ్రమదానం, వెట్టి

డబ్బు తీసుకోకుండా పనిచేయడం అంటే కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో వృద్ధులకు గుర్తొచ్చేది వెట్టి. దేశ్‌ముఖ్ గడీలో చేసినదీ, ఆనందవన్‌లో విదేశీయులు చేసినదీ రెండూ కూలి లేని పనులే. తేడా ఎక్కడుంది? వద్దనే హక్కు ఉందా లేదా అన్నది ఒకటి. ఆ పని ఫలం ఎవరి చేతిలో మిగిలింది అన్నది రెండోది. శిబిరం మూడు నెలలదైనా మూడేళ్లదైనా ముగుస్తుంది, వచ్చినవారు వెళ్లిపోతారు. తర్వాత ఆ గోడల మధ్య యజమానులుగా ఉండేది ఎవరన్నదే చూడాలి.

దీనికి ఆనందవన్ ఇచ్చిన సమాధానం 1964లో కనిపిస్తుంది. ఆ ఏడాది అక్కడ డిగ్రీ కళాశాల వెలసింది, మరుసటి ఏడాది వ్యవసాయ కళాశాల. కట్టినవారు కుష్ఠు వ్యాధి నయమైనవారు, చదువుకున్నది పట్టణం పిల్లలు. ఒకప్పుడు కూరగాయలు కొనని ఇళ్ల పిల్లలు అదే చేతులు కట్టిన గదుల్లో కూర్చున్నారు. దాతలు ఎవరో, గ్రహీతలు ఎవరో ఇక్కడ తారుమారైంది. డిచ్‌పల్లికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదేనని నేననుకుంటాను.

1967లో చంద్రపూర్ జిల్లా మూల్ దగ్గర సోమనాథ్‌లో మరో వ్యవసాయ క్షేత్రం మొదలైంది. అక్కడ యువతకు ప్రతి మే నెలలో శ్రమ సంస్కార శిబిరం నడపడం ఆనవాయితీ అయింది. మన కళాశాలల్లోని జాతీయ సేవా పథకం పుట్టింది 1969 సెప్టెంబరు 24న, అంటే సోమనాథ్ తర్వాతే. మే నెల విదర్భ ఎండలో మట్టి పని చేయడం ఎలా ఉంటుందో రామగుండం విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. 1973లో ఆమ్టే రెండో కుమారుడు డాక్టర్ ప్రకాశ్, ఆయన భార్య డాక్టర్ మందాకిని భామ్రాగడ్ అడవుల్లోని హేమల్‌కసలో మాడియా గోండుల కోసం ఆసుపత్రి తెరిచారు. మొదటి గుడిసెలు వేయడానికి ఆనందవన్ నుంచి వ్యాధి నయమైనవారే వెళ్లారు. ఈసారి స్వచ్ఛంద సేవకులు వారే.

మందు వచ్చాక

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. నెలల్లో నయమయ్యే జబ్బు అయిపోయింది. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద రోగుల సంఖ్య పదివేల మందికి ఒకరి కంటే తక్కువకు దిగింది. జబ్బు తగ్గినంత త్వరగా చట్టాలు మారలేదు. 1898 నాటి చట్టం 2016లో గాని రద్దు కాలేదు. కొత్త వికలాంగుల హక్కుల చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. వ్యాధి ఉందన్న కారణంతో విడాకులు ఇవ్వడానికి హిందూ వివాహ చట్టంతో సహా పలు వ్యక్తిగత చట్టాల్లో ఉన్న నిబంధన 2019 దాకా కొనసాగింది. బాబా ఆమ్టే దాని రద్దు చూడలేదు. ఆయన 2008 ఫిబ్రవరి 9న ఆనందవన్‌లో మరణించారు. అక్కడి మట్టిలోనే ఆయనను ఖననం చేశారు.