తూకానికి వేసిన చరిత్ర



రాజమండ్రి వెళ్ళినప్పుడు మనం ఏం చేస్తాం చెప్పండి? గోదావరిలో స్నానం చేస్తాం, గుళ్ళు చూస్తాం, వీలుంటే నాలుగు చీరలు కొనుక్కుంటాం. ఇంకాస్త తీరిక ఉంటే పక్కనే ఉన్న ధవళేశ్వరం వెళ్ళి ఆనకట్ట మీద గాలి పీల్చుకుని వస్తాం. అక్కడే సర్ ఆర్థర్ కాటన్ పేరుతో ఒక మ్యూజియం ఉంది. దాని గుమ్మం దాకా వచ్చి, "ఇదేదో ఇంజనీర్ల వ్యవహారం, మనకెందుకులే" అని వెనక్కి తిరిగేవాళ్ళే మనలో ఎక్కువ. నేనూ అలా ఎన్నోసార్లు తిరిగినదాన్నే. ఈమధ్య మా మనవడు చెయ్యి పట్టుకుని లాక్కెళితే మొదటిసారి లోపల అడుగుపెట్టాను. తీరా చూస్తే అది ఇంజనీర్ల సంగతి ఎంతో, మన వంటింటి సంగతీ అంతేనండి!

అదెలాగో చెప్పాలంటే ముందు మా ఊరి గురించి చెప్పాలి. నా పుట్టిల్లు కోనసీమలో ఐ.పోలవరం. "ఐ" అంటే ఐలాండ్. అంటే లంక అన్నమాట. పోలవరాలు వేరే కూడా ఉన్నాయి కనుక గుర్తు తెలియడానికి మా ఊరికి ఆ అక్షరం తగిలించారు. చుట్టూ గోదావరి పాయలు, కాస్త అవతల సముద్రం. ఎటు చూసినా నీళ్ళే. కాని ఎండాకాలం వచ్చిందంటే సముద్రపు పోటు పాయలోకి ఎక్కి ఆ నీళ్ళు ఉప్పగా అయిపోతాయి. మాకు మంచినీళ్ళంటే కాలువ నీళ్ళే. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరిని వదిలిన నీరు కోనసీమంతా తిరిగి, అన్నంపల్లి అక్విడక్టు మీదుగా నది పాయనే దాటి మా లంకలోకి వస్తుంది. నదికి పైన కాలువ! చిన్నప్పుడు అది వింతని కూడా మాకు తోచేది కాదు.

మా అమ్మ తెల్లవారకముందే బిందె చంకన పెట్టుకుని కాలువ రేవుకి వెళ్ళేది. వరద రోజుల్లో ఆ నీళ్ళు ఎర్రగా, మట్టి కలిసి ఉండేవి. చిల్లగింజ అరగదీసి ఆ గంధాన్ని నీళ్ళలో కలిపేది. తెల్లారేసరికి మట్టంతా అడుగుకి దిగి పైన నీళ్ళు తేటగా నిలిచేవి. ఆ తేటనీళ్ళని మెల్లగా వంచి ఇత్తడి గంగాళంలో నింపి పైన మూత పెట్టేది. ఎండాకాలంలో కాలువలు కట్టేసేవారు. అందుకని కట్టేయకముందే ఊళ్ళో మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. "కాలువ ఎప్పుడు కట్టేస్తారట? ఎప్పుడు వదులుతారట?" ఇవే మా ఆడవాళ్ళ పంచాంగం.

ఇక మ్యూజియంలోకి వద్దాం. ఆరుబయట ఆ రోజుల్లో పనిచేసిన పాత యంత్రాలున్నాయి. లోపల ఆనకట్ట నమూనాలు, పటాలు, ఛాయాచిత్రాలు. నమూనా ముందు నిలబడి మనవడు అడిగాడు, "అమ్మమ్మా, ఇంత పొట్టిగోడ అంత గోదావరిని ఎలా ఆపుతుంది?" అని. ఆపదు నాయనా, ఆపడం దాని పని కాదన్నాను. పెరట్లో కొబ్బరిచెట్లకి నీళ్ళు పెడుతున్నప్పుడు బోదెకి అడ్డంగా కాస్త మట్టి వేస్తాం చూశారా? నీరు రవ్వంత లేచి, పక్కకి తిరిగి పాదులోకి పోతుంది. మిగతాది మట్టి మీదుగా పొర్లి ముందుకి సాగుతుంది. ఆనకట్ట చేసేదీ అంతే. నది మట్టాన్ని కాస్త పైకి లేపుతుంది, కాలువలు తమవంతు అందుకుంటాయి, మిగిలినది సముద్రానికి పోతుంది.

ఆ కాస్త ఎత్తు లేకపోబట్టి ఈ సీమ ఎన్ని అగచాట్లు పడిందో తెలిస్తే గుండె తరుక్కుపోతుంది. 1832-33లో వచ్చిన కరువుని డొక్కల కరువన్నారు. గుంటూరు సీమ అయితే శ్మశానమే అయింది. 1839లో ఉప్పెన వచ్చి, గౌతమికి ఆవల మాకు దగ్గర్లోనే ఉన్న కోరంగి రేవుని ముంచేసింది. రాజమండ్రి జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలమంది ఉండేవారు. 1841కల్లా 5 లక్షల 61 వేలు మిగిలారు. ఇరవై ఏళ్ళలో జనం పెరగాలి కదండీ? నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. చనిపోయిన వాళ్ళు కొందరు, పొట్ట చేతపట్టుకుని వలసపోయిన వాళ్ళు కొందరు. ఇంతా చేసి ఎదురుగా గోదావరి నిండుగా పారుతూనే ఉంది!

కుంపెనీ ప్రభుత్వం జాలిపడి ఆనకట్టకి ఒప్పుకుందనుకోకండి. శిస్తులు పడిపోయాయి. ఎందుకు పడిపోయాయో చూడమని హెన్రీ మాంట్‌గోమరీని పంపింది. నీటి పనులు చేస్తే తప్ప ఈ జిల్లా బాగుపడదని 1844లో ఆయన చెప్పాడు. కాటన్ లెక్కలు కట్టి, రాసి, వాదించి మంజూరు తెచ్చాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. నది మధ్య లంకలున్నాయి కనుక ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు.

అడుగున రాయి తగలని ఇసుకలో గోడ ఎలా నిలబెట్టాలి? ఈ కిటుకు కాటన్ సీమనుంచి తెచ్చుకున్నది కాదు. కావేరి మీద మన పూర్వులు కట్టిన కల్లణై చూసి నేర్చుకున్నది. ఆ సంగతి ఆయనే దాచుకోకుండా చెప్పాడు. రాయి ధవళేశ్వరం కొండలోంచి తీశారు. అది మోయడానికి పట్టాలు వేసి బళ్ళు నడిపారు. మనం చదువుకున్న బొంబాయి-ఠాణా రైలు 1853లోది. ఈ పట్టాలు అంతకు ముందువి, తెలుసా? పని చేసినవాళ్ళు పదివేలమందని చెబుతారు. వాళ్ళని కూడగట్టి పని నడిపించడంలో కాటన్‌కి కుడిభుజంగా నిలిచినవాడు వీణం వీరన్న అనే మన తెలుగువాడే.

1876-78లో దక్షిణ దేశమంతా కరువుతో అల్లాడిపోతుంటే ఈ డెల్టా తాను తిని ఇతరులకీ పెట్టింది. అందుకే మా ఊళ్ళల్లో కాటన్ విగ్రహం లేని సెంటరు అరుదు. పాత ఆనకట్ట బలహీనపడితే 1970లో కొత్త బ్యారేజీ మొదలుపెట్టి 1982 నాటికి పూర్తి చేశారు. 175 గేట్లు. దానికీ కాటన్ పేరే పెట్టారు.

ఇదంతా చూసి బయటికి వస్తుంటే మనవడు మరో ప్రశ్న వేశాడు. "అమ్మమ్మా, ఈ నీళ్ళు మీ ఇంటికి వచ్చాయన్నావుగా. మరి మీ ఇంటి వస్తువేదీ ఇక్కడ లేదేం?" అని.

నాకు నోట మాట రాలేదు.

ఎందుకంటారా? ఆ ఇత్తడి గంగాళం మా అమ్మమ్మకి ఆమె పుట్టింటివాళ్ళు సారెలో ఇచ్చింది. అంచుమీద ఆవిడ పేరు, ఊరు, తెలుగు సంవత్సరం పేరు చెక్కించారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి మా ఊరివైపు కొబ్బరితోటలు నేలకూలాయి. మా ఇంటి కప్పు లేచిపోయింది, అమ్మ ట్రంకుపెట్టెలో కాగితాలన్నీ ముద్దయిపోయాయి. గంగాళం మాత్రం పెరట్లో బోర్లాపడి బురదలో దొరికింది. అమ్మ పోయాక దాన్ని నేను తెచ్చుకున్నాను. తరవాత మేము ఫ్లాటులోకి మారినప్పుడు "పెట్టడానికి చోటు లేదు, తోమడానికి ఓపిక లేదు" అని పాత సామాన్లు కొనే అతనికి ఇచ్చేశాను. ఎన్ని కిలోలు తూగిందో ఇప్పటికీ గుర్తుంది నాకు. 14 కిలోలు! దానిమీద చెక్కిన సంవత్సరం మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాదు.

తుఫాను తీసుకుపోలేనిదాన్ని నేనే తక్కెడలో పెట్టాను. కాలువ ఎప్పుడు తవ్వారో, రాయి ఎక్కడినుంచి వచ్చిందో దొరలు రాసి పెట్టుకున్నారు. ఇవాళ మ్యూజియంలో చదువుకుంటున్నాం. ఆ నీటిని మోసి, తేర్చి, కాచుకుని, కాలువ కట్టేసిన నెలల్లో చెంబుతో కొలిచి వాడుకుని సంసారాలు నడిపిన వాళ్ళు మన అమ్మమ్మలు. వాళ్ళ సంగతి రాసినవాళ్ళెవరు? ఉన్న ఒక్క వరసనీ నేనే పోగొట్టుకున్నాను.

అందుకని మీకో మనవి. ఈ ఆదివారం మీ అటక ఎక్కండి. రోలు, కవ్వం, కుంచం, జాడీ, ఏది దొరికినా దించి చూడండి. ఇత్తడి సామాను మీద పేరూ ఏడూ చెక్కి ఉంటే అవి అరిగిపోకముందే ఒక పుస్తకంలో రాసుకోండి. ఇది ఎవరిది, ఏ ఊరినుంచి వచ్చింది, దేనికి వాడేవారు, ఈ మూడు ముక్కలూ చాలు. మీ అత్తగారినో, మేనత్తనో కూర్చోబెట్టి అడగండి. చోటు లేక వస్తువు ఇచ్చేయవలసి వచ్చినా సరే, ఆ రాత మాత్రం ఉంచుకోండి. మ్యూజియం అంటే అంతేకదా! వస్తువు, దాని పక్కన ఒక చీటీ. చీటీ లేకపోతే ఎంత గొప్ప వస్తువైనా పాత ఇత్తడే.

ఈసారి గోదావరి వైపు వెళితే పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ మ్యూజియం గుమ్మం దాటండి. వాళ్ళు "మన ఇంటిది ఏది?" అని అడుగుతారు. నాలా నోరు మూసుకుని నిలబడకుండా, ఇదిగో అని చూపించడానికి మీ దగ్గర ఒక్క చీటీ అయినా ఉండాలని నా కోరిక.