మొదటి ఐదుగురిలో చోటు: గోల్డెన్ స్టేట్ వారియర్స్‌లో పొడగరి కుర్రాళ్లు, 2020–2025

బాస్కెట్‌బాల్‌లో బుట్ట దగ్గర ఆడే ఇద్దరు ఫార్వర్డ్‌లనూ సెంటర్‌నూ కలిపి ఫ్రంట్‌కోర్ట్ అంటారు. ఆట మొదలయ్యేటప్పుడు ఆ చోట్లలో ఎవరిని దించాలన్న తర్జనభర్జన ప్రతి జట్టులోనూ ఉండేదే. గెలిచి తీరాల్సిన జట్టులోనే తయారుచేసుకోవాల్సిన కుర్రాళ్లు కూడా ఉంటే అది ఇంకా ముదురుతుంది. అభిమానులూ విశ్లేషకులూ దీన్ని ఓపిక వ్యవహారంగా చూస్తారు. కోచ్‌కు కుర్రాళ్ల మీద నమ్మకముంటే ఆడిస్తాడు, లేకపోతే సీనియర్ల చాటున దాక్కుంటాడు అంటారు. గోల్డెన్ స్టేట్ వారియర్స్‌లో 2020 నుంచి 2025 దాకా జరిగింది ఈ లెక్కకు లొంగదు. అక్కడి అనుభవాన్ని బట్టి చూస్తే, పొడగరి కుర్రాడి ఎదుగుదలను తేల్చేది మొదటి ఐదుగురిలో చోటు కాదు. పక్కన ఎవరు ఆడుతున్నారు, అతనికి అప్పగించిన పని ఏమిటి అన్నవే తేలుస్తాయి.

నేపథ్యం క్లుప్తంగా. 2019 ఫైనల్స్‌లో టొరంటో చేతిలో ఓడిన వెంటనే కెవిన్ డురాంట్ జట్టు వదిలి వెళ్లాడు, క్లే థాంప్సన్ మోకాలి గాయంతో మంచాన పడ్డాడు. మరుసటి సీజన్‌లో వారియర్స్ 15 ఆటలు గెలిచి 50 ఓడింది, లీగ్‌లో అట్టడుగు. ఆ పతనం వల్లే 2020 నవంబర్ డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక దక్కింది. దానితో 7 అడుగుల జేమ్స్ వైజ్‌మన్‌ను తీసుకున్నారు. మరుసటి ఏడు మిన్నెసోటా నుంచి వచ్చిన ఏడో ఎంపికతో కాంగోలోని గోమాలో పుట్టిన జొనాథన్ కుమింగాను, సొంతదైన పద్నాలుగో ఎంపికతో మోజెస్ మూడీని తెచ్చుకున్నారు. ఒకపక్క ముప్ఫై దాటిన స్టెఫెన్ కరీ, థాంప్సన్, డ్రేమండ్ గ్రీన్. మరోపక్క ఇరవై ఏళ్ల చుట్టుపక్కల ఉన్న పిల్లలు. ఈ ఏర్పాటుకు అమెరికా పత్రికలు 'రెండు కాలరేఖలు' అని పేరు పెట్టాయి.

వైజ్‌మన్ కాలేజీ స్థాయిలో మెంఫిస్ తరఫున ఆడింది మూడే ఆటలు. కోవిడ్ సోకడంతో సన్నాహక ఆటలూ తప్పిపోయాయి. అయినా 2020 డిసెంబర్‌లో బ్రూక్లిన్ మీద జరిగిన తొలి ఆటలోనే అతన్ని సెంటర్‌గా దించారు. జనవరి చివర్లో బెంచి మీదికి మార్చారు. ఆ వారంలోనే మిన్నెసోటా మీద బెంచి నుంచి వచ్చి 25 పాయింట్లు చేశాడు. ఆ సీజన్‌లో అతని అత్యధికం అదే. తర్వాత మళ్లీ మొదటి ఐదుగురిలోకి తెచ్చారు. 2021 ఏప్రిల్‌లో మోకాలి మృదులాస్థి చిరిగి అతని సీజన్ ముగిసేసరికి 39 ఆటలు ఆడాడు, అందులో 27 మొదటి ఐదుగురిలో ఉండి. సగటు 11.5 పాయింట్లు, 5.8 రిబౌండ్లు. పందొమ్మిదేళ్ల వాడికి ఇవి తీసిపారేయాల్సిన అంకెలేమీ కావు. కానీ అతను కోర్టులో ఉన్నంతసేపూ జట్టు వెనకబడుతూ వచ్చింది. గాయం తర్వాత చివరి 20 ఆటల్లో వారియర్స్ 15 గెలిచింది. ఈ 15కూ వైజ్‌మన్ లేకపోవడానికీ మధ్య ముడి వేయడం తేలికే గానీ, అదే రోజుల్లో కరీ ఆటకు అడ్డే లేకపోయింది. ఆ సీజన్ స్కోరింగ్ కిరీటం అతనిదే. ముడిని కొంత వదులుగానే ఉంచాలి.

అసలు చిక్కు సెంటర్ పనిలో ఉంది. చాలా జట్లలో కుర్ర సెంటర్‌కు ఇచ్చే పని తేలిగ్గా అర్థమవుతుంది. బంతి పట్టుకున్న గార్డ్‌కు స్క్రీన్ పెట్టు, బుట్ట వైపు దూకు, పైకి వేసిన బంతిని అందుకో. వారియర్స్ కోచ్ స్టీవ్ కెర్ నడిపే ఆట అలా సాగదు. అక్కడ సెంటర్ బంతిని మోచేతి దగ్గర, అంటే ఫ్రీ త్రో గీత చివర, అందుకుని కరీ ఎటు పరుగెడతాడో చూసి చేతికి అందించాలి. అందించాక అదే ఊపులో అడ్డు నిలవాలి, లేదా నిలవబోయి జారిపోవాలి. డిఫెండర్ ఏం చేశాడన్నదాన్ని బట్టి ఈ ఎంపిక అర సెకనులో మారిపోతుంది. ఇది కాగితం మీద గీసి నేర్పే విద్య కాదు. కరీతో వందల గంటలు ఆడితే గానీ ఒంటబట్టదు. పైగా పక్కనున్న గ్రీన్ బయటి నుంచి షూట్ చేయడంలో దిట్ట కాదు కాబట్టి అతని డిఫెండర్ బుట్ట దగ్గరే కాచుకుని ఉంటాడు. దూకి పైనుంచి వేయడమే బలమైన వైజ్‌మన్‌కు ఆ దారి కూడా ఇరుకైంది. ఆ ఏడు థాంప్సన్ కూడా లేడు. ఉంటే ఒక డిఫెండర్ అయినా దూరంగా నిలబడక తప్పేది కాదు.

ఆ చోటు చివరికి కెవాన్ లూనీ చేతికి వచ్చింది. అతను 2015 డ్రాఫ్ట్‌లో ముప్ఫయ్యో ఎంపిక, 6 అడుగుల 9 అంగుళాలు. రెండు తుంట్లకూ శస్త్రచికిత్సలు అయ్యాయి. ఎత్తుకు ఎగరడు, దూరం నుంచి వేయడు. 2021–22లో వారియర్స్ ఆడిన 82 ఆటలూ ఆడాడు, వాటిలో 80 మొదటి ఐదుగురిలో ఉండి. ఇక్కడ ఆగి చూడాల్సిన అంకె ఇంకొకటుంది. ఆ సీజన్‌లో అతను సగటున కోర్టులో ఉన్నది 21 నిమిషాలు. ఆట 48 నిమిషాలు. అంటే మొదటి ఐదుగురిలో ఉన్న సెంటర్ సగం ఆట కూడా ఆడలేదు. మొదటి, మూడో క్వార్టర్ల ఆరంభంలో ఎదుటి జట్టు పెద్ద సెంటర్‌ను కాచుకోవడం, కరీకి దారి చేయడం, తప్పిన షాట్లను తిరిగి పట్టుకోవడం అతని వంతు. ఆట చివరికొచ్చి బిగుసుకుంటే గ్రీన్ సెంటర్ స్థానంలోకి జరిగేవాడు, లూనీ బెంచి మీదికి వెళ్లేవాడు. ఆట మొదలుపెట్టే హోదా, ఆడే నిమిషాలు, ఆట ముగించే బాధ్యత అనేవి మూడూ వేర్వేరు. కుర్రాడికి చోటు ఇవ్వలేదని కోచ్ మీద విరుచుకుపడే చర్చల్లో సాధారణంగా ఈ మూడూ కలగాపులగం అవుతాయి.

2022 ప్లేఆఫ్స్‌లో మెంఫిస్‌తో జరిగిన సిరీస్ ఈ మాటకు రెండు వైపుల నుంచీ సాక్ష్యం ఇస్తుంది. గ్యారీ పేటన్ గాయపడటంతో మూడో ఆటలో కుమింగాను మొదటి ఐదుగురిలో దించారు. అప్పటికి అతనికి 19 ఏళ్ల 213 రోజులు. ప్లేఆఫ్ ఆటను మొదలుపెట్టినవారిలో అంత చిన్నవాడు లీగ్ చరిత్రలో లేడు. వారియర్స్ 142–112తో గెలిచింది, కుర్రాడు 18 పాయింట్లు చేశాడు. కథ అక్కడే ఆగితే ధైర్యానికి ఫలితం దక్కిందని రాసుకోవచ్చు. కానీ అయిదో ఆటలో జట్టు చిత్తుగా ఓడింది. కోవిడ్‌తో కెర్ దూరమైనందున సహాయక కోచ్ మైక్ బ్రౌన్ పగ్గాలు పట్టుకున్న ఆరో ఆటలో లూనీని మళ్లీ మొదటి ఐదుగురిలోకి తెచ్చారు. అతను 22 రిబౌండ్లు పట్టాడు, సిరీస్ ముగిసింది. నెల తిరగ్గానే బోస్టన్‌ను 4–2తో ఓడించి వారియర్స్ ఛాంపియన్ అయింది. ఆ సీజన్ మొత్తం వైజ్‌మన్ వారియర్స్ తరఫున ఒక్క ఆటా ఆడలేదు.

మరి కుర్రాళ్లను మొదటి రోజు నుంచీ దించి లాభపడిన జట్లు లేవా? ఉన్నాయి. 1997–98లో టిమ్ డంకన్ శాన్ ఆంటోనియో తరఫున తన తొలి సీజన్‌లోనే 82 ఆటలూ మొదటి ఐదుగురిలో ఆడాడు. జట్టు 20 విజయాల నుంచి 56కు ఎగబాకింది. అంతకుముందు ఏడు గాయాలతో దాదాపు ఆడని డేవిడ్ రాబిన్‌సన్ తిరిగి రావడం కూడా ఆ పెరుగుదలకు కారణమే. డంకన్ నాలుగేళ్లు కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడి వచ్చినవాడన్నదీ మరువకూడదు. 2021–22లో క్లీవ్‌లాండ్ ఎవాన్ మోబ్లీని తొలి ఆట నుంచే దించింది. అంతకుముందు ఏడు 72లో 22 గెలిచిన జట్టు ఆ ఏడు 82లో 44 గెలిచింది. మోబ్లీ కాలేజీలో గడిపింది ఒక్క ఏడే కాబట్టి డంకన్‌కు చెప్పిన కారణం ఇక్కడ చెల్లదు. రెంటిలోనూ ఉమ్మడి అంశం పక్కవాడు. కొత్త కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు రైతు దాన్ని ఇంకో కోడెతో జత కట్టడు, సాళ్లు తెలిసిన ముదురు ఎద్దు పక్కన కడతాడు. రాబిన్‌సన్ పక్కన డంకన్, జారెట్ ఆలెన్ పక్కన మోబ్లీ. బుట్టను కాచే బరువు సీనియర్ మీద ఉంది కాబట్టి కుర్రవాడు తిరుగుతూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నాడు. వైజ్‌మన్‌కు దొరికిన గ్రీన్ అంతకన్నా తెలివైన డిఫెండర్ కావచ్చు. కానీ అతని ఎత్తు 6 అడుగుల 6 అంగుళాలు. ఆ జతలో బుట్ట దగ్గరి భారం పెద్దవాడిది కాక పసివాడిది అయింది.

కెర్‌కు కుర్రాళ్లంటే పడదన్న ఆరోపణకు అతని సొంత చరిత్రే జవాబు. కెర్ కోచ్‌గా వచ్చిన 2014లో పవర్ ఫార్వర్డ్ చోటు అంతకుముందే ఆల్‌స్టార్ అయిన డేవిడ్ లీది. అతని తొడ కండరం పట్టేయడంతో 2012 డ్రాఫ్ట్‌లో 35వ ఎంపిక అయిన గ్రీన్‌ను దించారు. లీ కోలుకుని వచ్చాక కూడా గ్రీన్‌ను కదపలేదు. పేరున్న ఆండ్రె ఇగొడాలాను బెంచి నుంచి రమ్మని ఒప్పించారు. 67 ఆటలు గెలిచిన ఆ జట్టు ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ కన్నా 1–2తో వెనకబడినప్పుడు, సహాయక సిబ్బందిలోని నిక్ యురెన్ సూచన మీద సెంటర్ ఆండ్రూ బోగట్‌ను తీసి ఇగొడాలాను మొదటి ఐదుగురిలోకి తెచ్చారు. వరుసగా మూడు ఆటలు గెలిచి ఛాంపియన్లయ్యారు; ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడు ఇగొడాలాయే. అలాంటి కోచ్ వయసు చూసి చోట్లు పంచుతాడనడానికి ఆధారం కనబడదు. గ్రీన్‌కు అప్పుడు 24 ఏళ్లు. వైజ్‌మన్‌కు ఆ వయసు రాకముందే జట్టులో రోజులు చెల్లాయి. తేడా ఉంటే అక్కడ ఉంది.

ఆ తేడాకు మూలం ఆటలో కన్నా కాంట్రాక్టులో ఎక్కువ ఉంది. మొదటి రౌండ్‌లో ఎంపికైన కుర్రాడి తొలి ఒప్పందం నాలుగేళ్లు. మూడేళ్లు నిండగానే పొడిగించాలా వద్దా తేల్చుకోవాలి. లగ్జరీ పన్ను కిందే 2021–22లో సుమారు 17 కోట్ల డాలర్లు కట్టిన జట్టుకు చవకైన కుర్రాళ్లు బెంచిని నింపడానికీ కావాలి, బేరానికీ కావాలి. ఆడించకపోతే బేరంలో విలువ తగ్గుతుంది. ఆడిస్తే కరీ సీజన్లలో ఒకటి కరిగిపోతుంది. పొడగరులు గార్డ్‌ల కన్నా ఆలస్యంగా పండుతారని కోచ్‌లందరూ చెబుతారు, కానీ ఒప్పందపు గడియారం ఇద్దరికీ ఒకే వేగంతో తిరుగుతుంది. 2022 నవంబర్‌లో వైజ్‌మన్‌ను కింది స్థాయి లీగ్‌లోని సాంతాక్రూజ్‌కు పంపారు. 2023 ఫిబ్రవరిలో నాలుగు జట్ల మార్పిడిలో డెట్రాయిట్‌కు పంపేశారు.

డెట్రాయిట్‌లో అతను మిగిలిన సీజన్‌లో దాదాపు అన్ని ఆటలూ మొదలుపెట్టాడు. పాయింట్లూ రిబౌండ్లూ పెరిగాయి. 82లో 17 ఆటలే గెలిచిన జట్టు అది, పోగొట్టుకునేదేమీ లేదు. అయినా తర్వాతి ఏడు తనకన్నా చిన్నవాడైన జేలెన్ డ్యూరెన్ వెనక బెంచికే పరిమితమయ్యాడు. చోటు ఇస్తే చాలు, ఎదుగుతాడు అన్న వాదనకు ఇది గట్టి దెబ్బ. నా వాదనకూ ఇది పూర్తి బలం కాదు: అక్కడి ఆట తేలికైనదే, అయినా అతను నిలదొక్కుకోలేదు. వరుస గాయాలతో పోయిన కాలాన్ని ఏ కోచ్ ఏ నిర్ణయంతోనూ తిరిగి ఇవ్వలేడు.

ఇంతలో గోల్డెన్ స్టేట్‌లో విచిత్రం జరిగింది. 2022–23లోనూ లూనీ 82 ఆటలూ ఆడాడు; శాక్రమెంటోతో ఏడు ఆటల ప్లేఆఫ్ సిరీస్‌లో మూడుసార్లు 20 లేదా అంతకు పైగా రిబౌండ్లు పట్టాడు. అలాంటివాడి చోటు 2023–24 చివరి భాగంలో తొలి ఏడాది కుర్రాడికి దక్కింది. ఆ కుర్రాడు 57వ ఎంపిక ట్రేస్ జాక్సన్-డేవిస్. ఇండియానా విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు ఆడి, ఎదుటి జట్టు డిఫెన్స్‌ను చదవడం, బంతిని సమయానికి అందించడం అక్కడే నేర్చుకుని, 23 ఏళ్లకు వచ్చాడు. రెండో ఎంపిక కూర్చోలేకపోయిన కుర్చీలో 57వ ఎంపిక కూర్చోవడానికి కారణం ప్రతిభ కాదు. ఆ పని అతనికి ముందే తెలుసు. తయారుచేసింది కాలేజీ, వారియర్స్ వాడుకుంది. తయారీకీ వాడకానికీ ఉన్న ఈ దూరాన్ని డ్రాఫ్ట్ రోజున జట్టు గుర్తించలేదనే అనుకోవాలి.

కుమింగా సంగతి ఇంకా జటిలం. 2023–24లో సగటున 16.1 పాయింట్లు చేశాడు, చాలా ఆటలు మొదటి ఐదుగురిలోనే ఆడాడు. 2025 ఫిబ్రవరిలో జిమ్మీ బట్లర్ వచ్చాడు. బట్లర్, గ్రీన్ ఇద్దరూ దూరం నుంచి భయపెట్టేవారు కారు. వారి పక్కన అదే తరహా మూడో ఫార్వర్డ్‌ను నిలబెడితే కరీకి గాలి ఆడదు. ఏప్రిల్ 13న సీజన్ చివరి ఆటలో కుమింగాను ఒక్క నిమిషమూ దించలేదు, రెండు రోజుల తర్వాత మెంఫిస్‌తో జరిగిన ప్లే-ఇన్‌లోనూ అంతే. మే నెలలో మిన్నెసోటా సిరీస్ మొదటి ఆటలోనే కరీ తొడ కండరం పట్టేసి తప్పుకున్నాడు. ఇక కావలసింది కరీకి ఖాళీ కాదు, బంతి తీసుకుని నేరుగా బుట్ట మీదికి వెళ్లగలవాడు. మూడో ఆటలో అదే కోచ్ కింద అదే కుమింగా బెంచి నుంచి వచ్చి 30 పాయింట్లు చేశాడు. వారియర్స్ ఆ ఆట 102–97తో ఓడింది, సిరీస్ 4–1తో పోయింది.