జాడీ నుంచి కేవీఏఆర్ దాకా: కెపాసిటర్ కొలతల కథ

వజ్రపుకొత్తూరు మండలంలోని అక్కుపల్లి తీరం నుంచి పలాస, టెక్కలి వరకు పరచుకున్న కొబ్బరి, జీడి తోటల్లో నీటి మోటారుకు తగిలించే కెపాసిటర్, ఆ ఊళ్ల ఇళ్లలో సీలింగ్ ఫ్యానును తిప్పే కండెన్సర్ ఒకే జాతి పరికరాలు. అయినా దుకాణంలో ‘రెండున్నర కండెన్సర్’ అంటే 2.5 మైక్రోఫారడ్లది, మోటారుకు ‘రెండు’ అంటే 2 కేవీఏఆర్‌లది. ఒకే గుణానికి ఇన్ని కొలతలు ఏర్పడటానికి కారణం భౌతికశాస్త్రం కన్నా దాన్ని ఎవరు, ఏ పని కోసం వాడుకున్నారన్నదే.

విద్యుదావేశాన్ని నిలవచేసే ఈ గుణాన్ని కెపాసిటెన్స్ అంటారు. 1745లో క్లైస్ట్, 1746లో లీడెన్ నగరంలో ముషెన్‌బ్రూక్ వేర్వేరుగా గాజు పాత్రలో ఆవేశాన్ని పట్టి ఉంచగలిగారు గనుక ఆ పాత్రకు లీడెన్ జాడీ అన్న పేరు స్థిరపడింది. బ్రిటిష్ నౌకాదళం వైర్‌లెస్ పరికరాలలో ఈ జాడీనే ప్రమాణంగా చేసుకొని చాలాకాలం వాడింది. సుమారు 900 జాడీలు కలిస్తే ఒక మైక్రోఫారడ్ అవుతుంది. అప్పట్లో జర్మన్ రేడియో విడిభాగాల మీద కెపాసిటెన్స్‌ను సెంటీమీటర్లలో ముద్రించేవారు. పొడవును కొలిచే ప్రమాణం ఇక్కడికి రావడం వింతగా తోచినా, నాటి స్థిరవిద్యుత్ పద్ధతిలో ఒంటరి గోళపు కెపాసిటెన్స్ దాని వ్యాసార్ధానికి సమానం గనుక అది తార్కికమే. ఒక సెంటీమీటరు నేటి లెక్కలో 1.11 పికోఫారడ్లు.

ప్రయోగశాల బయట ఈ కొలత అవసరం మొదట పడింది సముద్రగర్భ తంతి కంపెనీలకు. రబ్బరు వంటి పదార్థం చుట్టిన తీగ, దాని చుట్టూ ఉప్పునీరు కలిసి వేల మైళ్ల పొడవున ఒకే జాడీలా పనిచేయడంతో సంకేతాలు మందగించేవి. ఒక్కో నాటికల్ మైలుకు మైక్రోఫారడ్‌లో మూడో వంతు మేర ఉండే ఆ భారాన్ని లెక్కగట్టకుండా తంతి వేయడం నష్టాల బేరం. 1890ల్లో పలాస మీదుగా వచ్చిన రైలుమార్గం వెంట సాగినట్టి స్తంభాల మీది తీగకు ఈ చిక్కు చాలా తక్కువ. 1861లో తంతి ఇంజనీర్లు లాటిమర్ క్లార్క్, చార్లెస్ బ్రైట్ ఫారడే గౌరవార్థం ‘ఫారడ్’ అన్న పేరును ప్రతిపాదించినప్పుడు దాన్ని ఆవేశానికి ఉద్దేశించారు. 1881 పారిస్ సమావేశం దాన్ని కెపాసిటెన్స్‌కు మార్చి, ఒక కూలుంబు ఆవేశానికి ఒక వోల్టు చూపేది ఫారడ్ అని నిర్ణయించింది. నిత్యవ్యవహారానికి అది మరీ పెద్దదయింది. భూగోళాన్నంతటినీ ఒంటరి గోళంగా తీసుకున్నా దాని కెపాసిటెన్స్ 710 మైక్రోఫారడ్లకు మించదు.

అందుకే వ్యవహారమంతా ఫారడ్ ముక్కలతోనే నడిచింది. మైక్రోఫారడ్ అందులో పది లక్షల వంతు, దానిలో వెయ్యో వంతు నానోఫారడ్, నానోలో వెయ్యో వంతు పికోఫారడ్. పాత రేడియో పటాల్లో పికోఫారడ్‌ను ‘ఎంఎంఎఫ్‌డీ’ అని, అంటే మైక్రోమైక్రోఫారడ్ అని రాసేవారు. ఆ ఎం అక్షరాల్లో ఒకదాన్ని వదిలి చదివితే విలువ పది లక్షల రెట్లు తప్పేది. చిన్న కండెన్సర్ మీద 104 అని ఉంటే 10 పక్కన నాలుగు సున్నాలు చేర్చి లక్ష పికోఫారడ్లు, అంటే 0.1 మైక్రోఫారడ్ అని గ్రహించాలి. తవ్వకు రెండు సోలలు, మానికకు రెండు తవ్వలు, కుంచానికి నాలుగు మానికలు అని నోటికి వచ్చిన తరానికి, అన్నీ వెయ్యితోనే మారే ఈ వరుస నిజానికి తేలిక.

మోటారు దగ్గర మాత్రం గుణింతం చాలదు. అయస్కాంత క్షేత్రాన్ని నిలపడానికి మోటారు తీసుకొని తిరిగి పంపే, ఏ పనీ చేయని విద్యుత్తును కేవీఏఆర్‌లలో కొలుస్తారు. ఆ రాకపోకలను కెపాసిటర్ మోటారు దగ్గరే తీర్చడం వల్ల లైను మీద భారం తగ్గుతుంది. 2004 మేలో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ప్రకటన వెలువడ్డాక, దానికి జోడించిన పొదుపు నిబంధనల్లో కెపాసిటర్, ఘర్షణ తక్కువగా ఉండే ఫుట్‌వాల్వ్, ఐఎస్ఐ మోటారు చేరాయి. సాధారణంగా 3 హార్స్‌పవర్‌కు 1, 5 హార్స్‌పవర్‌కు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడతారు. 415 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర 2 కేవీఏఆర్ అంటే మొత్తం 37 మైక్రోఫారడ్లు. లోపల మూడు కెపాసిటర్లను త్రిభుజంగా కలిపినందున ఒక్కొక్కటి 12.3 అవుతుంది, కరెంటు తీసి, నిలిచిన ఆవేశాన్ని దించేసి ఏ రెండు టెర్మినళ్ల మధ్య మీటరు పెట్టినా 18.5 కనిపిస్తుంది, దాన్ని రెట్టింపు చేస్తే మొత్తం తేలుతుంది. ఈ సంగతి తెలియక 37 కోసం వెతికే మెకానిక్ మంచి కెపాసిటర్‌నే పారేసే ప్రమాదముంది.

కేవీఏఆర్ కెపాసిటర్ చేసే పనికి కొలత, మైక్రోఫారడ్ ఆ వస్తువుకే కొలత. పని వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది గనుక, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా లైను చివర ఉన్న తోటలో వోల్టేజీ 350కి పడిపోతే, లేబుల్ మీద 2 కేవీఏఆర్ అని ఉన్న కెపాసిటర్ 1.42 మాత్రమే ఇస్తుంది. దాని మైక్రోఫారడ్లు 37గానే ఉంటాయి.