చెఱకు తోట నుండి డైరెక్టరు కుర్చీకి: మన ప్రాంతపు సహకార చక్కెర సంఘముల పాలకవర్గములు

కృషి, పశుపాలనము, వాణిజ్యము అను మూడింటిని కలిపి మన ప్రాచీనులు 'వార్త' అను ఒక్క విద్యగా పరిగణించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఈ విభాగము స్పష్టముగా నున్నది. నాగలి పట్టువాడు వేరు, త్రాసు పట్టువాడు వేరు అని మనము తరువాత ఏర్పఱచుకొన్నాము గాని, ఆ గ్రంథకర్త అట్లు తలంపలేదు. రాజుగారి సేద్యమును చూచు సీతాధ్యక్షుడు కృషితంత్రమును స్వయముగా నెఱిగిన వాడై యుండవలెను, లేదా ఎఱిగిన వారిని తోడుగా నుంచుకొనవలెను అని కూడ ఆయన నియమము చేసెను. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు స్థానిక చరిత్రపై ఏదైన వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు ఈ నియమమే జ్ఞప్తికి వచ్చినది. మన చెఱకు రైతులు తామే యజమానులై నడపిన చక్కెర కర్మాగారముల బల్ల చుట్టును ఎవరు కూర్చుండిరి, వారు ఏ పనిలో చేయి తిరిగిన వారు, అందువలన ఏమి మేలు కలిగినది, ఏమి కీడు కలిగినది అన్నది మన యిండ్ల చరిత్రయే గదా!

1933వ సంవత్సరము మన ప్రాంతమునకు రెండు విధముల గుర్తుంచుకొనదగినది. ఆ యేడు డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు విశాఖపట్టణపు ఓడరేవును లాంఛనముగా ప్రారంభించెను. దాని కథ అందఱెఱుగుదురు. ఆ యేడే వరాహనది యొడ్డున, లక్కబొమ్మలకు పేరుగాంచిన ఏటికొప్పాకలో, సహకార వ్యవసాయ పారిశ్రామిక సంఘము పుట్టెను. దీని కథ చెప్పువారు తక్కువ.

అంతకు ముందు సంవత్సరమే, అనగా 1932లో, విదేశపు చక్కెరపై సుంకము విధించి దేశీయ పరిశ్రమను కాపాడుటకు చట్టము వచ్చెను. నాలుగైదేండ్లలోనే దేశమున చక్కెర మిల్లులు నూటికి మించినవి. అందులో మిక్కిలి భాగము ధనవంతుల కంపెనీలు. మద్రాసు రాష్ట్రమున సహకార సంఘముల చట్టము కూడ 1932 నాటిదే. ఈ రెండు చట్టముల నీడలో రైతులే వాటాలు వేసికొని మిల్లు పెట్టవచ్చునను తలంపు మొలకెత్తెను. 1933-35 మధ్య దేశములో ఇట్టివి నాలుగు వెలసినవని సహకార చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు: ఏటికొప్పాక, అనకాపల్లి చెంతనున్న తుమ్మపాల, కృష్ణాజిల్లాలోని ఉయ్యూరు, ఉత్తరదేశమున బిస్వాన్. నాలుగింట మూడు తెలుగునాటివి, అందు రెండు మన ప్రాంతమువి. సహకార సంఘముగా చెక్కుచెదరక నిలిచినది మాత్రము ఏటికొప్పాక ఒక్కటే.

ఏల నిలిచినది? ఒక్క కారణము చెప్పుట సాహసము. కాని సంఘ నిర్మాణమును చూచిన ఒక సంగతి తెలియును. చెఱకు పండించు సభ్యులే పాలకవర్గమును ఎన్నుకొందురు, వారిలో నుండియే డైరెక్టర్లు వత్తురు. కావున కంపెనీ డైరెక్టరునకు లేని కన్ను ఒకటి ఈ డైరెక్టరునకు ఉండును. నరికిన చెఱకును ఒక్క దినము దాటనిచ్చిన తూకము తగ్గును, రసములోని తీపియు తగ్గును. ఈ సంగతిని కంపెనీ డైరెక్టరు కాగితముపై చదువును. రైతు డైరెక్టరు తన బండి కాటా వద్ద రాత్రియంతయు నిలిచియుండగా ఎద్దుల ప్రక్కన మేలుకొని నేర్చుకొనును.

అయితే ఈ కన్ను ఒక్కటే చాలదు. మన సీమలో చెఱకు రైతు కేవలము రైతు కాడు. అనకాపల్లి బెల్లపు మార్కెట్టు దేశములో పెద్దవాటిలో ఒకటి. రైతు తన కళ్ళములోనే గానుగ ఆడించి, పెనములో రసము కాచి, దిమ్మలు పోసి, బండి కట్టుకొని మార్కెట్టుకు పోవును. అక్కడ కమీషను వర్తకుడు ముందుగా అప్పిచ్చి యుండును. ఆ యప్పు తీరువఱకు బెల్లము ఆ కొట్టుకే చేరవలెను. కాలక్రమమున కొందఱు రైతుల కుమారులే కొట్లు పెట్టిరి. ఒకే యింట అన్న పొలమున, తమ్ముడు కొట్టులో ఉండుట మనము చూచినదే. కనుక పాలకవర్గమునకు వచ్చువారిలో నాగలి, త్రాసు రెండును ఎఱిగినవారు మన ప్రాంతమున కొఱవడలేదు. చిక్కు మఱొకచోట నున్నది. బెల్లము ధర పెరిగిన యేడు చెఱకు గానుగకు పోవును, మిల్లు పస్తులుండును. ధర పడిపోయిన యేడు అందఱును మిల్లు గుమ్మమునకే వత్తురు. బెల్లపు వ్యాపారము గల డైరెక్టరు ఏ యేడు ఎవరి పక్షము వహించును? అతని వివేకమే మిల్లుకు బలము, అతని స్వార్థమే మిల్లుకు గండము.

ఉయ్యూరు కథ వేరు దారిని పోయెను. అక్కడి సహకార కర్మాగారము నిలదొక్కుకొనలేక పోగా, ఐ.సి.యస్. ఉద్యోగము చేసి పరిశ్రమలలో ప్రవేశించిన వెలగపూడి రామకృష్ణగారు 1941లో దానిని చేపట్టి కె.సి.పి. సంస్థగా పెంచిరి. పరిపాలనమును, వాణిజ్యమును ఎఱిగినవాని చేతిలో మిల్లు బ్రతికినది, కాని రైతు యజమాని కాక సరఫరాదారుడయ్యెను. మహారాష్ట్రమున ప్రవరానగరు వారు ఈ రెండింటికి నడుమ దారి వెదకిరి. 1950లో చెఱకాడిన ఆ కర్మాగారమునకు కర్త విఠలరావు విఖే పాటిల్ అను రైతు. అధ్యక్షుడు మాత్రము ధనంజయరావు గాడ్గిల్ అను అర్థశాస్త్ర పండితుడు. రైతులు తమకు తెలియని దానిని తెలిసినవానిని పిలిచి పెద్దపీట వేసిరి. కౌటిల్యుడు చెప్పిన 'తోడు' ఇదియే.

ఇక తుమ్మపాల. అక్కడి మిల్లును కంపెనీ నడపి నష్టపడగా, చుట్టుప్రక్కల చెఱకు రైతులు అనకాపల్లి సహకార వ్యవసాయ పారిశ్రామిక సంఘముగా ఏర్పడి 1959లో దానిని కొనిరి. రైతు యజమాని యైన మొదటి దినముననే కార్మికుడు ఎదుట నిలిచెను. పాత కంపెనీలో పనిచేసిన వారిలో కొందఱిని సంఘము తీసికొనలేదు. తగవు సుప్రీంకోర్టు వఱకు పోయెను. సంఘము పాత కంపెనీకి వారసురాలేయైనను, యాజమాన్యము మారినప్పుడు కార్మికునకు చట్టము చూపిన దారి నష్టపరిహారమే కాని, కొత్త యజమాని తిరిగి పని యిచ్చి తీరవలెనను హక్కు లేదని 1962లో ఆ న్యాయస్థానము తేల్చెను. న్యాయము సంఘము పక్షమున నిలిచినది. కాని నాకు ఈ తీర్పు తలంచినప్పుడెల్ల ఒక సందేహము కలుగును. పొలములో పాలేరుతోను కూలివారితోను మాటనోటనే సరిపెట్టుకొన్న రైతులకు, మూడు షిఫ్టుల కార్మికులను, వారి యూనియనును ఎట్లు చూడవలెనో ఎవరు నేర్పిరి? ఆ విద్య వ్యవసాయమున లేదు, బెల్లపు కొట్టులోను లేదు. తరువాత ఆ కర్మాగారమునకు వి.వి. రమణగారి పేరు పెట్టబడెను.

గోవాడలో చోడవరము సంఘము, పాయకరావుపేట చెంత తాండవ సంఘము తరువాతి కాలమున వచ్చినవి. అప్పటికి ప్రభుత్వము కూడ వాటాదారయ్యెను. 1964 చట్టము వచ్చెను. మేనేజింగు డైరెక్టరుగా ప్రభుత్వోద్యోగి కూర్చుండెను. ఎన్నికలు జరుగని కాలమున పాలకవర్గము బదులు ఒక్క అధికారియే సర్వమును చూచు పద్ధతియు వచ్చెను. అధికారికి లెక్క తెలియును, నియమము తెలియును, కాని బదిలీ అయిన మఱునాడు అతనికి చెఱకుతో పనిలేదు. ఇటీవలి సంవత్సరములలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ మిల్లుల చక్రములు నిలిచిపోయినవి. పాత యంత్రములు, పెరిగిన అప్పులు, రైతులకు బకాయిలు, ఉక్కునగరపు చుట్టుప్రక్కల పెరిగిన భూముల ధరలు, కూలివారి కొఱత, ఇవన్నియు కారణములే. డైరెక్టర్లదే తప్పని నేను అనను. వారిది ఏమియు లేదనియు అనను.

రాజ్యాంగమునకు జరిగిన 97వ సవరణ 2012లో అమలునకు వచ్చెను. డైరెక్టర్లు ఇరువది యొక్కరికి మించరాదని, స్త్రీలకు రెండు స్థానములు, షెడ్యూల్డు కులములకు గాని తెగలకు గాని ఒకటి ఉండవలెనని, బ్యాంకింగు, నిర్వహణము, ఆర్థిక వ్యవహారములలో అనుభవజ్ఞులను ఇద్దఱిని అదనముగా చేర్చుకొనవచ్చునని అందు వ్రాసిరి. రాష్ట్రముల సమ్మతి పొందలేదను కారణమున, రాష్ట్ర సంఘముల విషయములో ఆ భాగము చెల్లదని 2021లో సుప్రీంకోర్టు చెప్పెను. చట్టము పోయినను తలంపు మంచిదే. ముఖ్యముగా స్త్రీల స్థానముల సంగతి. ముచ్చెలు నాటునది, కలుపు తీయునది స్త్రీ. వాటా కాగితముపై పేరు మగవానిది.

నేను కొంతకాలము ఒక సంఘమున లెక్కలు వ్రాసితిని. ఆ సంఘము పేరు ఇక్కడ అనవసరము. ఒక యేడు కోత ఆర్డర్ల వరుసపై పాలకవర్గములో వాగ్వాదము జరిగెను. మిల్లు దగ్గఱి గ్రామముల డైరెక్టర్లు తమ తోటలు ముందు ముదిరినవనిరి. దూరపు గ్రామములవారు బండ్ల ఖర్చు తమకే ఎక్కువ గనుక తమదే ముందుండవలెననిరి. ప్రతివాడును తన గట్టుపై నిలిచి మాటలాడుచుండెను. అందులో ఒకాయన తండ్రి నాటి నుండి బెల్లపు కొట్టు గలవాడు. ఆయన చివరి వఱకు మాటాడక, తుదకు ఇట్లనెను: "వరుస సంగతి తరువాత చూడవచ్చును. చెఱకు తోలిన పదునాలుగు దినములలో డబ్బు ముట్టవలెనని 1966 నాటి ఉత్తరువు చెప్పుచున్నది. మనము రెండు నెలలు చేసితిమి. నా కొట్టులో ఆ సాయంకాలమే ఇత్తును. మీ వరుసలో నిలువవలసిన చెఱకు ఇప్పటికే నా కొట్టు త్రోవ పట్టినది."

కొంతసేపు ఎవరును పలుకలేదు. తరువాత బ్యాంకు అప్పు కొఱకు తీర్మానము వ్రాయుమని నాకు చెప్పిరి. వ్రాసితిని. డైరెక్టర్ల పేర్లకు ఎదురుగా వృత్తి అను గడి యుండగా, ఆయనను ఏమని వ్రాయుదునని అడిగితిని. "వ్యవసాయము" అనెను. మిగిలిన వారందఱికిని అదే వ్రాసియుంటిని.