బస్తర్ జనసంఖ్య: నూరేళ్ల లెక్క

కాకతీయ సామ్రాజ్యం 1323లో పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి దండకారణ్యంలో ప్రవేశించి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతున్నది. అంతకు మునుపే, ఛిందక నాగరాజుల కాలంలో, 11వ శతాబ్దిలో వేయించిన తెలుగు శాసనం బార్సూరులో ఉన్నది. ఇలా తెలుగువారికి బస్తర్‌తో గల సంబంధం చాల పాతది. అయితే ఆ అడవులలో ఎందరు నివసించేవారన్న ప్రశ్నకు శాసనాలు గాని వంశచరిత్రలు గాని సమాధానం చెప్పవు. అందుకు మనం జనగణన పట్టికలను ఆశ్రయించాలి. వాటిని చదవడమూ శాసనాన్ని చదవడం వంటిదే. అక్షరం కనబడినంత మాత్రాన అర్థం తేలదు.

1901 జనగణనలో బస్తర్ సంస్థానపు జనాభా 3,06,501. విస్తీర్ణం 13,062 చదరపు మైళ్లు. అంటే చదరపు మైలుకు 23 మంది, నేటి కొలతలో చదరపు కిలోమీటరుకు 9 మంది మాత్రమే. దానిని ఆనుకొని ఉత్తరాన ఉన్న చిన్న సంస్థానం కాంకేర్‌లో అదే సంవత్సరం 1,429 చదరపు మైళ్లలో 1,03,536 మంది ఉన్నారు. ఇది బస్తర్‌కు మూడు రెట్ల సాంద్రత. కాంకేర్ మహానది ఎగువ పరీవాహక ప్రాంతం, వరి పండే నేల. దక్షిణాన అబూజ్‌మాడ్ కొండలు, ఇంద్రావతి లోయ, శబరి ఒడ్డున కోంటా వరకు సాగిన అడవి. నేల స్వభావమే జనసాంద్రతను నిర్ణయించిందని దీనిని బట్టి తోస్తుంది. ఆ మాట చాలవరకు నిజమే గాని సంపూర్ణంగా కాదు.

తరువాతి పదేళ్ల లెక్క చూడండి. 1911లో బస్తర్ జనాభా సుమారు 4 లక్షల 33 వేలు. పదేళ్లలో నూటికి నలభైకి పైగా పెరుగుదల! ఆ దశాబ్దంలో ఏమి జరిగిందో చరిత్ర తెలిసినవారికి ఈ అంకె వింతగా తోచక మానదు. అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని 1905లో ప్రతిపాదన వచ్చింది. పోడు మీద, వేట మీద, అటవీ ఫలసాయం మీద ఆంక్షలు బిగిశాయి. వెట్టిచాకిరి సరేసరి. 1910 ఫిబ్రవరిలో గుండాధుర్ పేరుతో ముడిపడిన భూంకాల్ తిరుగుబాటు చెలరేగింది. సైన్యం దానిని అణచివేసింది. గ్రామాలకు గ్రామాలు అడవులలోకి పారిపోయాయి. ఏడాది తిరిగీ తిరగకముందే 1911 మార్చిలో జనగణన జరిగింది. అటువంటి దశాబ్దంలో జనసంఖ్య తగ్గవలసిందిపోయి ఇంతగా ఎలా పెరిగింది?

వైద్యం లేని ఆ కాలంలో ఒక్క జననాల వల్ల పదేళ్లలో ఇంతటి పెరుగుదల సాధ్యం కాదు. రెండు కారణాలను ఊహించవచ్చు. మొదటిది వలస. ఛత్తీస్‌గఢ్ మైదానం నుండి, ఒరిస్సా వైపు నుండి వ్యవసాయదారులు జగదల్‌పూర్ పీఠభూమికి వచ్చి సారవంతమైన భూములలో స్థిరపడ్డారు. రెండవది లెక్కింపు మెరుగుపడడం. మైదాన ప్రాంతాలలో ఒకే రాత్రి జరిగే గణన దట్టమైన అడవులలో సాధ్యమయ్యేది కాదు. పోడు సేద్యంతో ఊరు తరచు చోటు మార్చే చోట, ఎన్యూమరేటరును చూసి జనం తప్పుకొనే చోట, 1901లో చాలమంది లెక్కకు అందలేదని అనుకోవడం సమంజసం. అందువల్ల 1901 నాటి 23 మంది అన్న అంకెలో కొంత అడవి నిశ్శబ్దం కూడ ఉన్నదని నా అభిప్రాయం. 1941 నాటికి సంస్థాన జనాభా 6 లక్షల 33 వేలు దాటింది.

అబూజ్‌మాడ్ కొండమరియలు సాగుచేసే ‘పెండా’ మన ఏజెన్సీ ప్రాంతాలలోని పోడు వంటిదే. కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో చిరుధాన్యాలు చల్లుతారు. రెండు మూడేళ్లకు ఆ చోటు విడిచి, అడవి మళ్లీ పెరిగే వరకు ముట్టుకోరు. మూడేళ్లు పండించి పన్నెండేళ్లు వదలిన నేల అనుకుంటే, ఒక కుటుంబానికి సాగులో ఉన్న భూమికి ఐదు రెట్ల భూమి కావాలి. బయటివాని కంటికి ఖాళీగా కనిపించేది నిజానికి ఎవరో ఒకరి బీడు. 1927 నుండి 1931 వరకు బస్తర్ పరిపాలకుడుగా పనిచేసిన గ్రిగ్‌సన్ మరియ గోండులపై రాసి 1938లో ప్రకటించిన గ్రంథం ఈ జీవనవిధానాన్ని తెలుసుకోవడానికి నేటికీ ఆధారం. తక్కువ సాంద్రత అంటే భూమి మిగిలి ఉన్నదని అర్థం చేసుకొన్న పాలకులు పలు తప్పుడు నిర్ణయాలు చేశారు.

1948లో బస్తర్, కాంకేర్ సంస్థానాలు విలీనమై ఒకే జిల్లా అయ్యాయి. 39 వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణంతో అది కేరళ కంటె కొద్దిగా పెద్దది. 1961లో ఈ జిల్లా జనాభా 11 లక్షల 67 వేలు, 1991లో 22 లక్షల 71 వేలు. 1953లో ఆరంభమైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో తూర్పు పాకిస్తాన్ శరణార్థుల పునరావాసానికై ఏర్పడిన దండకారణ్య ప్రాజెక్టు, 1960ల చివర బైలడిలా ఇనుప గనులు, కొత్తవలస-కిరండోల్ రైలుమార్గం, ఇవన్నీ ఆ పెరుగుదలలో పాలు పంచుకొన్నవే. పరల్‌కోట్ ప్రాంతంలో బెంగాలీ గ్రామాలు వెలిశాయి. విశాఖపట్నం రేవుకు ఇనుప ఖనిజం దిగిన దారినే తెలుగువారు కిరండోల్, బచేలీలకు ఎక్కారు. 1901లో ఐదువేల మందైనా లేని జగదల్‌పూర్‌లో 2011 నాటికి లక్షా పాతికవేల మంది ఉన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం దూరదేశం వైపు చూడడం ఉపయోగకరం. అమెరికాలో 2020 జనగణన ప్రకారం న్యూయార్క్ నగరంలో చదరపు కిలోమీటరుకు 11 వేల మందికి పైగా ఉండగా, హ్యూస్టన్‌లో 1,400కు లోపే. హ్యూస్టన్ నగరం చుట్టుపక్కల ప్రాంతాలను తన హద్దులలో కలుపుకొంటూ విస్తరించినది, న్యూయార్క్‌కు రెండింతల నేల మీద పరచుకొన్నది. డెట్రాయిట్‌లో 1950లో 18 లక్షలకు పైగా ఉన్న జనం 2020లో ఆరున్నర లక్షలకు తగ్గారు. గీత ఎక్కడ గీశారన్నది సాంద్రతను నిర్ణయిస్తుంది. జనం వెళ్లిపోవడానికి యుద్ధమో కరవో అవసరం లేదు. బస్తర్‌లో గీతలు మరీ తరచుగా మారాయి. 1998లో జిల్లా మూడయింది, 2007లో బీజాపూర్, నారాయణపూర్, 2012లో సుక్మా, కొండగావ్ చేరాయి. ఒక దశాబ్దపు అంకెను మరొక దశాబ్దపు అంకెతో పోల్చేముందు ఏ బస్తర్ అని అడిగి తీరాలి.

పాత రెండు సంస్థానాల నేలను ఒకటిగా తీసుకొంటే 1901లో 4 లక్షల 10 వేలు, 2011లో సుమారు 31 లక్షలు. దాదాపు ఏడున్నర రెట్లు. అదే కాలంలో భారతదేశం ఐదు రెట్లు పెరిగింది. అయినా 2011లో ఈ ప్రాంతపు సాంద్రత 80 లోపే. దేశ సగటు 382, అవిభక్త ఆంధ్రప్రదేశ్‌ది 308. దాదాపు అంతే నేల గల కేరళలో మూడు కోట్లకు పైగా నివసిస్తున్నారు. నారాయణపూర్ జిల్లా సాంద్రతకు 20, 30 అని రెండు అంకెలు ప్రచారంలో ఉన్నవి. విస్తీర్ణం ఎంతని తీసుకొన్నారన్న దానిని బట్టి ఆ తేడా. అబూజ్‌మాడ్‌లో రెవెన్యూ సర్వే జరగని గ్రామాలు అనేకం. జనాన్ని లెక్కించడం కన్న నేలను కొలవడమే అక్కడ కష్టమయింది.

2001-2011 మధ్య ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జనాభా నూటికి 22.6 పెరిగితే బీజాపూర్‌లో పెరిగింది 9 లోపే. దంతెవాడలో 12. 1911 నాటి అంకెలాగే ఇదీ జననమరణాలతో మాత్రమే వివరించలేనిది. 2005లో సల్వా జుడుం మొదలైన తరువాత వందలాది గ్రామాలు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు, వేలాదిమంది సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవులకు చేరారు. వారిని మన ప్రాంతంలో గుత్తికోయలంటారు. భూపాలపట్నం, కోంటా ప్రాంతాల దొరలు, కోయలకు గోదావరి అవతల బంధుత్వాలు పూర్వం నుండి ఉన్నవి. ఈసారి వచ్చినది బంధువులుగా కాదు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందిన కుటుంబం తెలంగాణలో కులధ్రువీకరణ పత్రానికి ఇబ్బంది పడుతున్నది. అడవిలో వేసిన గుడిసె అటవీశాఖ దృష్టిలో ఆక్రమణ.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా నిర్ణయిస్తూ 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. బీజాపూర్‌లోని సొంత ఊరిలో ఇల్లు లేని, భద్రాద్రి కొత్తగూడెం అడవిలో పట్టా లేని మనిషిని ఎన్యూమరేటరు తానున్న చోటనే రాసుకోవాలి. పూర్వ నివాసం ఎక్కడ, ఎందువల్ల వచ్చారు అన్న ప్రశ్నలు 2011 ప్రశ్నావళిలోనే ఉన్నవి. జవాబులకు ఇచ్చిన కారణాలు ఉద్యోగం, వ్యాపారం, చదువు, వివాహం, పుట్టిన తరువాత తరలింపు, కుటుంబంతో పాటు రావడం. అవేవీ కానివారికి మిగిలిన గడి ‘ఇతరములు’.